మీకు తెలుసా? టామీ హాల్లో పోసేసిందా? తిట్టకండి, ముందు ఇవి చదవండి!

సింహాచలం కొండ కింద ఏ వీధిలోనైనా నడవండి. అడవివరం కానివ్వండి, గోపాలపట్నం కానివ్వండి. కుక్క ఉన్న ఇంట్లోంచి ఈ కేక వినబడాల్సిందే: "అయ్యో, మళ్లీ హాల్లో పోసేసింది!" ఆ చిన్న మడుగు వెనక ఎన్ని వింతలో! ఒక్కోటీ చెబుతా, చెవి ఇటు పెట్టండి. ముందే ఒక రహస్యం చెప్పేస్తా. ఈ వింతల్లో కుక్క మొండితనం అనేది ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు!

మీ కుక్క ఎంతసేపు పాస్ పోస్తుంది? ఈసారి లెక్కపెట్టండి. అటూఇటుగా 21 సెకన్లు! ఏనుగుకీ దాదాపు అంతే! మూడు కిలోలు దాటిన పాలిచ్చే జంతువులన్నిటికీ ఇంచుమించు ఇదే లెక్క. అమెరికాలో జార్జియా టెక్ శాస్త్రవేత్తలు పనిగట్టుకుని కొలిచారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతీ కొట్టేశారు! మీరు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే పని పూర్తి!

మరి ఎంత పోస్తుంది? 10 కిలోల బరువున్న కుక్క రోజుకు 400 మిల్లీలీటర్ల దాకా! ఆరోగ్యంగా ఉన్న కుక్క సంగతే ఇది. అంత చిన్న పొట్టలోంచి అంత నీరా! ఇక పెద్ద లాబ్రడార్ లెక్క మీరే వేసుకోండి. ఒక్క పాత గుడ్డతో పనవుతుందా?

చీకట్లో కాలు పెట్టారా? వెచ్చగా తగిలిందా? ఉలిక్కిపడకండి, జ్వరం కాదు! కుక్క ఒంటి వేడి మామూలుగానే దాదాపు 38.5 డిగ్రీల సెల్సియస్! మనకైతే జ్వరం కిందే లెక్క. దానికి మాత్రం అదే ఆరోగ్యం! వెచ్చగా ఉంటే ఇప్పుడే పోసిందన్నమాట.

ఆ మడుగులో ఉన్నది ఏమిటో చెప్పనా? దాదాపు 95 శాతం నీళ్లే! అవును, వట్టి నీళ్లు! మిగిలిన ఆ కాస్తలోనే మొత్తం గొడవంతా ఉంది. వాసన, మరక, కాపురంలో చిరాకు... అన్నీ ఆ కొసరు వల్లే!

తాజాగా పోసినప్పుడు వాసన అంతగా రాదు. గమనించారా? గంటలు గడిచాక ముక్కు మూసుకోవాలి! ఎందుకంటే సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. యూరియేజ్ అనే ఎంజైముతో అందులోని యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తాయి. ఆ ఎంజైము పనిని ఎంత వేగంగా చేస్తుందో తెలుసా? మామూలు వేగం కంటే కోటి కోట్ల రెట్లు! ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు పెట్టి చూసుకోండి!

ఆ యూరియేజ్ స్ఫటికాలను మొట్టమొదట ఎక్కడి నుంచి తీశారో ఊహించండి. కుక్క నుంచి కాదు, గింజల నుంచి! మనం కూర వండుకునే తమ్మకాయకు దగ్గరి చుట్టమైన గింజలవి. 1926లో జేమ్స్ సమ్నర్ అనే శాస్త్రవేత్త తీశారు. స్ఫటికాలుగా చేతికి చిక్కిన తొలి ఎంజైము అదే! తర్వాత నోబెల్ కూడా వచ్చింది!

పొలంలో చల్లే యూరియా, కుక్క మూత్రంలోని యూరియా వేరనుకుంటున్నారా? రెండూ ఒకటే! అణువు మొత్తం అదే! బస్తా మీద చూడండి, 46 శాతం నత్రజని అని ఉంటుంది. అందుకే కుక్క రోజూ పోసే చోట గడ్డి మాడిపోతుంది. ఎరువు ఎక్కువైతే పైరు మాడినట్టే!

ఇంకో తమాషా! 1828 దాకా యూరియా కావాలంటే మూత్రపిండం ఉన్న ప్రాణి కావాల్సిందే అనుకునేవారు. జర్మనీలో ఫ్రీడ్రిక్ వోలర్ ప్రయోగశాలలోనే చేసేశారు! చేసి తన గురువుకు ఉత్తరం రాశారు. మనిషి కిడ్నీ గానీ కుక్క కిడ్నీ గానీ అక్కర్లేకుండానే యూరియా చేశానని! రసాయనశాస్త్ర చరిత్రలో అంత పెద్ద ఘట్టం. అందులోనూ మన కుక్కగారు ఉన్నారు!

సింహాచలం సంపెంగ వాసన మనకు పది అడుగుల దూరంలోనే తెలుస్తుంది. గొప్ప ముక్కు అనుకుంటాం. కుక్క ముందు మనమెంత! వాసన పట్టే గ్రాహకాలు దాని ముక్కులో 30 కోట్ల దాకా ఉంటాయి! మన లెక్క లక్షల్లోనే ఆగిపోతుంది. ఫినాయిల్ వేసి తుడిచారు, మీకు వాసన పోయింది. దానికి పోలేదు! "ఇది నా చోటే కదా" అని మళ్లీ అక్కడికే వస్తుంది.

వాసన చూడటంలో వేగం సంగతి విన్నారా? సెకనుకు దాదాపు 5 సార్లు! చిన్న చిన్న పీల్పులతో సోఫా కాలిని చదివేస్తుంది. ఎవరు పోశారు, ఎప్పుడు పోశారు... అంతా అక్కడే! మనం కళ్లతో పేపరు చదువుతాం. అది ముక్కుతో!

మరి ఏం వేసి తుడవాలి? పెంపుడు జంతువుల దుకాణంలో ఎంజైము క్లీనర్ అని అడగండి. వాసనకు మూలమైన పదార్థాలనే అది విరగ్గొడుతుంది! కిటుకు ఒక్కటే. పోసి వెంటనే తుడిచేయకూడదు. సీసా మీద రాసినంతసేపు, కనీసం 10 నిమిషాలు, తడిగా వదిలేయాలి. మన తొందరే దానికి శత్రువు!

వెనిగర్ వాడితే సరిపోదా అంటారా? ఆగండి! మీ గచ్చు కడప బండా? పాలరాయా? అయితే వద్దే వద్దు! రెండింట్లోనూ ఉన్నది సున్నమే. వంటింటి వెనిగర్‌లో ఉండే 5 శాతం ఆమ్లం చాలు, బండ మెరుపు తినేయడానికి! వాసన పోవడం దేవుడెరుగు, మచ్చ మిగులుతుంది!

మరక కనబడదు, వాసన మాత్రం వస్తోంది. ఎలా పట్టుకోవాలి? నోట్లు పరీక్షించే నీలి టార్చి ఉందా? రాత్రి లైట్లన్నీ ఆర్పి గోడ మూలలకు కొట్టండి. ఎండిన మూత్రం మెరుస్తుంది! 365 నానోమీటర్ల కాంతి ఉన్న టార్చి అయితే మరీ మంచిది. సోఫా వెనక చూశాక నన్ను తిట్టుకోకండి!

విశాఖలో ఈ వాసన ఎందుకంత మొండిదో తెలుసా? సముద్రపు గాలిలో తేమ! ఎండిపోయిందనుకున్న మరక తేమ తగలగానే మళ్లీ కంపు కొడుతుంది. టైలు మీద కంటే 2 టైళ్ల మధ్య సందులోనే ఎక్కువ. ఆ సందు తడిని పీల్చుకుంటుంది! తుడిచేటప్పుడు అసలు చూడాల్సింది అక్కడే!

ఇప్పుడు కుక్కపిల్లల దగ్గరకు వద్దాం. పుట్టిన కొత్తలో వాటంతట అవి పాస్ పోయలేవు! నమ్మరా? తల్లి నాలుకతో నాకితేనే వస్తుంది. సుమారు 3 వారాల దాకా ఇదే తంతు! పైగా తల్లే అంతా శుభ్రం చేసేస్తుంది. గూడు ఎంత శుభ్రంగా ఉంటుందో!

పిల్ల ఎంతసేపు ఆపుకోగలదు? చిన్న సూత్రం చెబుతా, రాసుకోండి. దాని వయసు నెలల్లో తీసుకోండి, దానికి ఒకటి కలపండి. అన్ని గంటలే! మూడు నెలల పిల్ల అయితే మహా అయితే 4 గంటలు. మీరు స్టీల్‌ప్లాంటులో పూర్తి షిఫ్టు చేసి వచ్చేసరికి అది ఆపుకోవాలంటే ఎలాగండీ!

వయసు 8 వారాలు దాటగానే ఇంకో చిత్రం! పాదాల కింద ఏది తగిలితే అక్కడ పోయాలో అది తేల్చుకుంటుంది. మట్టి అలవాటైతే మట్టి. గోనెపట్టా అలవాటైతే గోనెపట్టా. పాత పేపరు మీద అలవాటు చేశారా? ఇక మీరు చదువుతూ నేల మీద పెట్టిన పేపరు గతి అంతే!

ఎప్పుడు బయటికి తీసుకెళ్లాలి? గడియారం చూడక్కర్లేదు, గిన్నె చూడండి! తిన్న 30 నిమిషాల్లోపే చాలా పిల్లలకు వచ్చేస్తుంది. నిద్ర లేవగానే వస్తుంది. ఆట అవ్వగానే వస్తుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందా? ఎత్తుకుని పరుగెత్తండి!

నాలుగో అంతస్తు అపార్టుమెంటా? లిఫ్టు వచ్చేలోపు అయిపోతోందా? పాస్ పోయించే ప్యాడ్లు దొరుకుతాయి. అందులోని పొడి ఏమిటో తెలుసా? పసిపిల్లల డైపర్లలో ఉండేదే! తన బరువుకు 300 రెట్ల దాకా మంచినీళ్లు తాగేస్తుంది! మూత్రమైతే ఉప్పు వల్ల అంత కాదు లెండి. అయినా హాలు మాత్రం తడవదు!

పోసింది, మీరు సాయంత్రం వచ్చి చూశారు, ముక్కు పట్టుకుని అక్కడ రాసి తిట్టారు. దానికి ఏం అర్థమైందో తెలుసా? ఏమీ అర్థం కాలేదు! మెచ్చుకోలైనా మందలింపైనా 1, 2 సెకన్లలోపు జరగాలి. అప్పుడే చేసిన పనికీ మీ మాటకీ ముడి పడుతుంది. గంట దాటిన తిట్టు దానికి నేర్పేది ఒకటే. మీరంటే భయం!

"తప్పు చేశానని దానికి తెలుసండీ, ముఖం చూడండి!" అంటారా? పట్టుకున్నారు శాస్త్రవేత్తలు! అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో 14 కుక్కల మీద పరీక్ష పెట్టారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితే చాలు, ఆ జాలి ముఖం వచ్చేసింది! ఏ తప్పూ చేయని కుక్కలు కూడా చెవులు వాల్చేశాయి! అది నేరం ఒప్పుకోవడం కాదు. మీ కోపానికి జవాబు!

మీరు ఇంటికి రాగానే తోక ఊపుతూ కారిపోతోందా? అది శిక్షణ లోపం కాదు, ఆనందం! లేదా మర్యాద! "మీరే పెద్ద" అని ఒప్పుకోవడం. వంగి మీద పడకండి. కళ్లలోకి చూడకండి. పక్కకు తిరిగి నెమ్మదిగా పలకరించండి. చాలా పిల్లల్లో 1 ఏడాది నిండేసరికి దానంతట అదే పోతుంది!

మగకుక్క కాలెత్తి సోఫాకు చిలకరిస్తోందా? అది అవసరం కాదు, సంతకం! సాధారణంగా 6 నెలలు దాటాక ఈ వేషం మొదలవుతుంది. చుక్కలే వేస్తుంది, కానీ చాలా చోట్ల! కడుపు ఉబ్బి పోసిన మడుగు వేరు, ఇది వేరు. రెంటినీ కలిపి చూశారా, వైద్యం తప్పుతుంది!

పొట్టి కుక్కల కొంటెతనం విన్నారా? కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో బయటపెట్టారు. పెద్ద కుక్కల కంటే చిన్న కుక్కలు కాలు మరింత వంచి పైకెత్తుతాయి! ఎత్తులో పడాలని! తర్వాత వచ్చే కుక్క ఆ మరక చూసి "అమ్మో, ఎవడో భారీ మనిషి" అనుకోవాలని కాబోలు! ఏటండీ, మనుషుల్లో లేరా ఇలాంటివాళ్లు?

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఈ సంతకాలు తగ్గుతాయా? మగకుక్కల్లో 10లో 6 దాకా సగానికి పైగా తగ్గించేస్తాయి! మాత్రలు లేవు, తిట్లు లేవు! మిగిలిన నాలుగు మాత్రం సంతకం మానవు. అలవాటు అలాంటిది!

ఆడకుక్క ఉన్నట్టుండి గంటకోసారి తలుపు గోకుతోందా? తేదీ చూసుకోండి! ఎదకు వచ్చిందేమో. ఆ దశ దాదాపు 21 రోజులు నడుస్తుంది. అన్ని రోజులూ కొంచెం కొంచెంగా చాలా చోట్ల పోస్తుంది. వీధిలోని మగకుక్కలకు అది పంపే పెళ్లిపత్రిక!

కుక్కకు తన మూత్రం తనకు తెలుసా? భలే ప్రశ్న! అమెరికాలో మార్క్ బెకాఫ్ 5 చలికాలాల పాటు ఒకే పని చేశారు. తన కుక్క జెత్రో, ఇతర కుక్కలు పోసిన పచ్చటి మంచును ఎత్తి వేరే చోట పెట్టడం! చూసేవాళ్లు ఏమనుకుని ఉంటారో! తేలింది ఏమిటంటే, జెత్రో తన మంచును పెద్దగా పట్టించుకోలేదు. ఇతరులదైతే వదల్లేదు!

పోసే ముందు గిరగిరా ఎందుకు తిరుగుతుంది? దిక్సూచి చూసుకుంటోందేమో! ఏటి, నవ్వుతున్నారా? చెక్ దేశం, జర్మనీ శాస్త్రవేత్తలు 70 కుక్కలను వెంటపడి గమనించారు. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్న వేళల్లో అవి ఉత్తర దక్షిణాలకు ఒళ్లు సరిచేసుకుని మలమూత్రాలు విడవడానికి మొగ్గాయట! దీనికీ ఇగ్ నోబెల్ వచ్చింది!

ఉక్కు ఊరివాళ్లం, ఇది మనం వినాల్సిందే! 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడంతస్తుల ఎత్తున్న దీపస్తంభం ఒకటి కూలింది! అడుగున ఇనుము తుప్పు పట్టి తినేసింది. అక్కడి అధికారులు అనుమానించిన దొంగల్లో ఒకటి మూత్రం! కుక్కలదీ, మనుషులదీ! ఇంటి గేటు అడుగు ఒకసారి చూసుకోండి మరి!

ఇంకా పైకి వెళ్దాం, అంతరిక్షానికి! 1957లో లైకాను పంపిన సోవియట్ వాళ్లు ఆ ప్రయాణాలకు ఆడకుక్కలనే ఎంచుకున్నారు. ఎందుకో తెలుసా? అవి కాలెత్తవు! ఇరుకు గదిలో చోటు కలిసొచ్చింది! అంతరిక్ష చరిత్రను కూడా పాస్ పోసే పద్ధతే నడిపించింది!

దీపావళి నాడు మంచం కింద మడుగు? తప్పు టపాసులది! కుక్క 45,000 హెర్ట్జ్ దాకా వినగలదు. అందులో సగం దాటేలోపే మన చెవులు చేతులెత్తేస్తాయి! మనకు వినబడని కీచు శబ్దాలు కూడా దానికి హోరు. భయపడిన కుక్కను కొడతామా చెప్పండి? వెలుతురు ఉండగానే తిప్పి తెచ్చేయండి!

సింహాచలం వాళ్లకు మరో తేదీ ఉంది! ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. కొండ కింది తొలిపావంచా దగ్గర మొదలై 32 కిలోమీటర్ల దారంతా జనమే జనం! రాత్రంతా భజనలు, మైకులు. కుక్క రోజూ వెళ్లే చెట్టు దగ్గర కొత్త పాదాలు! బెదిరి బయట పోయకుండానే తిరిగొచ్చేస్తే హాల్లో పోయక ఏం చేస్తుంది? ఆ రోజు మధ్యాహ్నమే రెండుసార్లు తిప్పండి!

2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ తుపాను! గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది! ఆ రోజు గడప దాటడం మనుషుల వల్లే కాలేదు. అలాంటి రోజులకు ముందే ఒక మూల అలవాటు చేసి ఉంచితే ఎంత మేలు! ఒక ట్రేలో మట్టి చాలు. తుపాను సామగ్రిలో టార్చి, కొవ్వొత్తులతో పాటు అదీ రాసుకోండి!

మీరు తాళం వేసి వెళ్లగానే పోసేస్తోందా? కోపం తీర్చుకుంటోంది అనుకున్నారా? కాదు, బెంగ! ఒంటరితనం పడని కుక్కలు చాలావరకు మొదటి 30 నిమిషాల్లోనే పోసేస్తాయి. తలుపు గోకడం, ఏడవడం కూడా అప్పుడే! ఫోను కెమెరా పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది!

ఇక అసలు రహస్యం! ఎన్నాళ్లుగానో పద్ధతిగా ఉన్న కుక్క ఒక్కసారిగా హాల్లో పోసిందా? ముందు నీళ్ల గిన్నె కొలవండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందా? డాక్టరు దగ్గరకు పదండి! చక్కెర వ్యాధి, కిడ్నీ జబ్బు, ఆడకుక్కల్లో గర్భసంచి చీము... ఏదైనా కావచ్చు. నీళ్లు మాత్రం దాచేయకండి, ప్రమాదం!

కొంచెం కొంచెంగా, పదేపదే, నొప్పిగా పోస్తోందా? మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. కుక్కల్లో దాదాపు 14 శాతానికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది! ఏడింట ఒకటి! మందులతో తగ్గే జబ్బుకు మనం బెత్తం తీస్తున్నాం!

ఆడకుక్క నిద్రలో పడక తడిపేసిందా? పాపం, దానికి తెలియనే తెలియదు! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో నూటికి 20 దాకా ఈ కారడం రావచ్చు. పెద్ద జాతుల్లో ఎక్కువ. చక్కటి మందులున్నాయి! అడగడమే ఆలస్యం!

మగకుక్కకు ఒక చోట 1 ఎముక ఉంటుంది, మగాళ్లకు ఉండదు! మూత్రనాళం దాని పక్కనుంచే పోతుంది. రాయి జారివస్తే సరిగ్గా అక్కడే ఇరుక్కుంటుంది! ముక్కుతోంది, చుక్క రావడం లేదు? రేపు చూద్దాం అనకండి. ఆ గంటలోనే పరుగెత్తండి!

డాల్మేషియన్ మచ్చల వెనక మరో మచ్చ! మిగతా కుక్కలు యూరిక్ ఆమ్లాన్ని మార్చేసుకుంటాయి. ఇది మనలాగే అలాగే బయటికి పంపుతుంది. అందుకే రాళ్లు! జన్యువులోనే లోపం. సరిచేయడానికి 1973లో పాయింటర్ జాతితో సంకరం చేశారు. ఒక్క పాయింటర్ తాత చాలు, ఆ వంశంలో జబ్బు లేని డాల్మేషియన్లు వచ్చాయి!

కిడ్నీలు ఎంత ఓపిక గలవో! మూడింట 2 వంతుల పని ఆగిపోయేదాకా బయటికి చెప్పవు! అప్పుడే మూత్రం పలచబడుతుంది, ఎక్కువవుతుంది, హాల్లోకి వస్తుంది. ముసలి కుక్క మడుగును తిట్టకండి. అది ఆలస్యంగా అందిన కబురు!

ముసలితనంలో మరుపు మనకే అనుకున్నారా? కుక్కలకూ ఉంది! 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి మతిమరుపు లక్షణం ఒక్కటైనా కనిపించింది! తలుపు ఎటో మరిచిపోతుంది. బయటికి వెళ్లి ఊరికే నిలబడి, లోపలికి వచ్చి పోస్తుంది. తాతగారిని కసురుతామా? దీన్నీ అంతే!

తుడిచేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి, ముఖ్యంగా వానాకాలంలో! ఓడరేవు ఊళ్లో ఎలుకలకు కొదవా? వాటి మూత్రం నుంచి కుక్కకు, కుక్క నుంచి మనకు లెప్టోస్పైరోసిస్ రావచ్చు. సోకాక 30 రోజుల దాకా కిమ్మనకుండా కూర్చోగలదు! కుక్కకు టీకా ఉంది. ఏటా మరవకండి!

బ్లీచింగ్ ద్రావణం ఆ క్రిమిని చంపేస్తుంది. 1 వంతు ద్రావణానికి 10 వంతుల నీళ్లు చాలు! కానీ మూత్రం మీద నేరుగా పోశారో, ఘాటు వాయువు లేస్తుంది! అందులోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తులకు చేటు. ముందు పూర్తిగా తుడిచి, నీళ్లతో కడిగి, అప్పుడే బ్లీచింగ్!

డాక్టరు దగ్గరకు వెళ్తే చేతులూపుకుంటూ వెళ్లకండి. ఉదయం మొదటి పాస్‌ను శుభ్రమైన డబ్బాలో పట్టుకెళ్లండి! 60 నిమిషాల్లోపు పరీక్షిస్తే ఫలితం నమ్మకంగా వస్తుంది. గరిటె కర్రకు కట్టి పట్టేవాళ్లు కూడా ఉన్నారు. సిగ్గుపడకండి, వైద్యులు మెచ్చుకుంటారు!

ఆఖరిది వినండి, ఒళ్లు జలదరిస్తుంది! 2004లో ఇంగ్లండులో 6 కుక్కలకు మనుషుల మూత్రం వాసన చూపించి మూత్రాశయ క్యాన్సర్ పట్టడం నేర్పారు. ఒక మనిషికి ఏ జబ్బూ లేదని ముందే పరీక్షల్లో తేలింది. కుక్కలు మాత్రం ఒప్పుకోలేదు! మళ్లీ మళ్లీ అతని నమూనా దగ్గరే ఆగాయి. డాక్టర్లు తిరిగి వెతికితే కిడ్నీలో క్యాన్సర్! మన మూత్రంలో మన జబ్బును చదివేసే ప్రాణి అది. దాని మూత్రం హాల్లో కనబడితే ఏమైందో చూడకుండా కర్ర తీస్తే, ఇద్దరిలో తెలివైనవాళ్లు ఎవరంటారు?